కళ్ళు తిప్పే వైద్యం, ఆవకాయ, మరికొన్ని సంగతులు

అమలాపురం

చి. సుధకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి మోకాలు మామూలే. మొన్నటి గాలికి మునగచెట్టు కొమ్మ విరిగి కాయంతా పక్కింటివైపే పడింది, వాళ్ళ అదృష్టం. ఆవకాయ కలిపేశాను. ఈసారి కారం బాగా ఘాటు, నీ కడుపుకి పడదని నీ జాడీలో తగ్గించాను. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానని మెసేజి పెడుతున్నావు. ఆదివారం కూడా మీటింగులేనా? సరే, రాద్దామనుకున్నది అది కాదు.

బుజ్జి పిన్ని చెప్పింది. వారం వారం ఎవరో డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నావట. ఆవిడ నీ మొహం ముందు రెండు వేళ్ళు అటూ ఇటూ ఆడిస్తే నువ్వు చూపుతో వెంబడిస్తావట, ఏడుస్తావట. పిన్ని సంగతి తెలుసుగా, చెప్తూ చెప్తూ వశీకరణం దాకా వెళ్ళిపోయింది. ఆ లారీ సంగతి కోసమేనని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. దాని గురించి నేను అడగను.

డాక్టరుగారబ్బాయి కాగితాలు ప్రింటు తీసిచ్చాడు. నాన్నగారు ఎర్ర పెన్నుతో గీతలు కొట్టుకుంటూ చదివారు. ఈఎండీఆర్ అంటారట, మనసుకి తగిలిన దెబ్బకి కళ్ళు కదిలిస్తూ చేసే వైద్యం. అమెరికాలో ఫ్రాన్సిన్ షాపిరో అనే ఆవిడ 1987లో పార్కులో నడుస్తూ, కళ్ళు అటూ ఇటూ కదిలినప్పుడు మనసుని పీడిస్తున్న ఆలోచనల పదును తగ్గుతోందని గమనించిందట. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మంచిదేనంది. 2001 భూకంపం తర్వాత మన గుజరాత్‌లోనూ చేశారు. వశీకరణం కాదే అని పిన్నికి చెప్పాను. నమ్మలేదు, అది వేరే విషయం.

మీ బాబాయి ఇంకో రకం. ‘ఇదంతా మన త్రాటకమే, తెల్లవాళ్ళు ఎత్తుకెళ్ళారు’ అని గ్రూపులో పెట్టాడు. త్రాటకం అంటే యోగంలో దీపం లాంటి ఒక్కదాని మీదే చూపు నిలపడం, చూపు కదలకూడదు, కన్నీళ్ళు కారేదాకా రెప్ప వేయకూడదు. ఇక్కడేమో చూపు కదలడమే పని. కళ్ళకి బదులు చేతుల మీద తట్టినా, ఒక చెవిలో ఒకసారి, రెండో చెవిలో ఒకసారి చప్పుడు వినిపించినా చేస్తారట. అసలు ఆ కదలికతోనే నయమవుతోందా అని పెద్ద పెద్దవాళ్ళే వాదించుకుంటున్నారు. మధ్యలో ఈయన తీర్పు ఒకటి.

త్రాటకం అంటే నాకు చిన్న మావయ్యే గుర్తొస్తాడు. తొంభయ్యారు నవంబరు తుపాను నీకు గుర్తుండదు. ఆ రాత్రి మావయ్య గోదావరి లంకలో చిక్కుకున్నాడు. కొబ్బరిచెట్లు ఎలా విరిగాయో, ఆ సీతయ్య గారి పిల్లలు ఏమయ్యారో మాకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత కాస్త గాలి లేస్తే చాలు, అర్ధరాత్రి లేచి పడుకున్నవాళ్ళందరినీ తడిమి లెక్కపెట్టేవాడు. అత్తయ్య తాయెత్తు కట్టించింది. ఒక స్వామి పూర్వజన్మ పాపం అన్నాడు, ఆవుని దానమిమ్మన్నాడు, ఇచ్చారు కూడా. చివరికి సంస్కృతం మాస్టారు దీపం ఎదురుగా కూర్చుని చూపు నిలపమన్నారు. మూడో నాడో నాలుగో నాడో అలా చూస్తూ చూస్తూ ఒక్కసారి కేక పెట్టి కుందె తన్నేసి వీధిలోకి పరిగెత్తాడు. మనసు నిశ్చలమవ్వగానే ఆ రాత్రంతా మీదకి వచ్చి పడింది కాబోలు. మాస్టారు మంచివారే. ఆ టైముకి పక్కన మాత్రం ఎవరూ లేరు. కుందె సొట్ట ఇప్పటికీ అలాగే ఉంది, అత్తయ్య మార్చనివ్వదు.

అందుకే ఆ కాగితాల్లో ఎనిమిది దశలుంటాయని చదివి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. మొదటిరోజే వేళ్ళు ఆడించరట. ముందు నీ సంగతంతా వింటారు. తట్టుకోలేనప్పుడు మనసు తిరిగి వచ్చి కూర్చోవడానికి ఒక చల్లని చోటు తలచుకోమంటారు. మీ డాక్టరమ్మ ఇవన్నీ చేసిందా? ఎక్కడ నేర్చుకుందో అడిగావా? అడగడానికి మొహమాటపడకు. పూర్వజన్మలు, చక్రాలు, రంగురాళ్ళు కలిపి అమ్మేవాళ్ళూ ఉన్నారు, అలాంటి మాట వినపడితే లేచి వచ్చెయ్.

ఒక్కచోట మాత్రం నేను రెండుసార్లు చదివాను. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, జ్ఞాపకాలు బయట వెళ్ళిపోయే ఊళ్ళన్నట్టు చూస్తూ ఉండమంటారట. తాతగారు అరుగు మీద, వచ్చిపోయే ఆలోచనలని సాక్షిలా చూస్తూ ఉండాలి, సాక్షి, సాక్షి అని చెప్తుండేవారు. నేను కూర తరుగుతూ వినేదాన్ని, తలకెక్కితే ఒట్టు. ఏ వేదాంతం వినకుండా నీకు ఆ కుర్చీలో అదే అనుభవమైతే నాకు సంతోషమే. కాకపోయినా ఏం ఫర్లేదు, నిద్ర పడితే చాలు.

ఉపన్యాసం అయిపోతోంది, తెలుసు. ఇది చెప్పేసి ఆపేస్తాను. ఆ సంగతి జరిగాక నువ్వు దేవుడి గదిలో అడుగు పెట్టలేదు. దసరాకి వచ్చినప్పుడు హారతి ఇస్తుంటే పెరట్లోకి వెళ్ళిపోయావు. నేను చూడలేదనుకోకు. నాకోసం దీపం పెట్టమనను. కానీ ‘తనని తీసుకెళ్ళి నన్నెందుకు ఉంచాడు’, ‘నా వల్లే’ అని నీలో ఏదైనా తిరుగుతుంటే అది కూడా ఆవిడ ముందు పెట్టు. అలాంటి మాటనే పట్టుకుని ముందుకి నడిపిస్తారట. డాక్టరు దగ్గర దేవుడి మాటేమిటని దాచుకోకు. దేవుణ్ణి తిట్టాలనుంటే అక్కడే తిట్టు, ఆయనేమీ అనుకోడు.

ఆ చల్లని చోటుకి నువ్వేం తలచుకున్నావో? మన వెనక వరండా అయితే బావుణ్ణు అనుకున్నాను, అంతే. చెప్పక్కర్లేదు.

సెషన్ అయ్యాక ఒకటి రెండు రోజులు కలలు ఎక్కువగా వస్తాయట, భయపడకు. ఆ రోజు స్కూటీ తీయకు, ఆటోలో వెళ్ళు. డబ్బులు నాన్నగారు ఫోన్‌పే చేస్తారు. ఆవకాయ రామం చేత పంపుతున్నాను, తడి గరిటె పెట్టకు.

ఇట్లు,
అమ్మ