బ్రోకరు పేరు కూడా దస్తావేజులో రాయించండి: రిజిస్ట్రేషన్ల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ, రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ప్రాంతాల్లో దస్తావేజులు రాసేవాళ్లం, లింకు డాక్యుమెంట్లు చూసి అభిప్రాయం చెప్పే న్యాయవాదులం, స్థలాలు కొలిచేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఇల్లు కొనాలనుకున్నవాళ్లు మమ్మల్ని ముందుగా అడిగేది ఒకటే: "బ్రోకరును పెట్టుకోమంటారా, వద్దా?" ఆ జవాబులో సగం మీ శాఖ చేతిలో ఉంది. అందుకే మీకు రాస్తున్నాం.

ముందు డబ్బు సంగతి. 60 లక్షలకు ఒక పాత ఇల్లు కొంటే స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, మొత్తం ఏడున్నర శాతం చొప్పున నాలుగున్నర లక్షలు ప్రభుత్వానికి వెళ్తాయి. ప్రభుత్వ విలువ అంతకంటే ఎక్కువ ఉంటే దాని మీదే లెక్క. ఖరీదు 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ కోసుకుని ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి, అది 60 వేలు. వీటన్నిటికీ రసీదు ఉంటుంది. బ్రోకరు కమీషన్ నూటికి ఒకటి నుంచి రెండు దాకా నడుస్తోంది. అంటే ఒక్కో వైపు నుంచి 60 వేలు మొదలు లక్షా 20 వేల దాకా. చాలా బేరాల్లో ఇటూ తీసుకుంటారు, అటూ తీసుకుంటారు. ఇల్లు చేతులు మారేటప్పుడు ఏ కాగితం మీదా కనిపించని డబ్బు ఇది.

రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) ఉంది కదా అంటారు. 2016 నాటి ఆ చట్టం 9వ సెక్షన్ ఏజెంట్లు రిజిస్టరు కావాలంటుంది. 10వ సెక్షన్ వాళ్లు లెక్కల పుస్తకాలు పెట్టాలని, కొనేవాళ్లకు కాగితాలన్నీ అందేలా చూడాలని చెబుతుంది. తప్పితే 62వ సెక్షన్ కింద రోజుకు 10 వేల చొప్పున, ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా జరిమానా. బాగానే ఉంది. కానీ ఇదంతా రెరాలో నమోదైన ప్రాజెక్టుల వరకే. 500 చదరపు మీటర్లు మించని స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్లు మించకుండానో కట్టేవాటికి నమోదే అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే నెల్లూరు లెక్కలో (అంకణం అంటే 4 గజాలు) దాదాపు 150 అంకణాలు. మా ఊళ్లలో సందుల్లో లేచే చిన్న అపార్టుమెంట్లు చాలావరకు దీనికి లోపలే ఉంటాయి. ఇక దర్గామిట్టలోనో, వేదాయపాళెంలోనో, ఒంగోలు కర్నూలు రోడ్డు పక్కనో ఒకరు ఉండి వదిలిన పాత ఇల్లు చేతులు మారితే, ఆ బేరం చేసిన బ్రోకరుకు రెరాతో సంబంధమే లేదు. కొనేవాళ్లకు మిగిలేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఏజెంటు తనను పెట్టుకున్నవాళ్లకు చెప్పకుండా సొంత లాభం చూసుకోకూడదని అందులో ఉంది. కానీ ఎవరు ఎవరిని పెట్టుకున్నారో రాతలో లేకపోతే ఏ కోర్టుకు ఏం చూపిస్తారు?

మేం బ్రోకర్లకు వ్యతిరేకులం కాదు. కొనేవాళ్లు బెంగళూరులోనో, చెన్నైలోనో, గల్ఫ్‌లోనో ఉండి నెల్లూరులో ఇల్లు చూసుకోవాలంటే మనిషి కావాలి. నలుగురు అన్నదమ్ములు, ఇద్దరు అక్కచెల్లెళ్లు వాటాదారులుగా ఉండి తలో ఊళ్లో ఉంటే, అందరినీ ఒకే రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కూర్చోబెట్టడం మంచి బ్రోకరు చేసే పనే, దానికి డబ్బు ఇవ్వాలి. ఆ వీధిలో నిజంగా ఏ రేటుకు అమ్ముడవుతోందో కూడా వాళ్లకే తెలుస్తుంది, ఎందుకంటే దస్తావేజుల్లో రాసే రేటు తరచూ వేరే. అదే బిల్డరు దగ్గర నేరుగా కొత్త ఫ్లాటు తీసుకునేవాళ్లకు బ్రోకరు వల్ల ఒరిగేది తక్కువ. అక్కడ కమీషన్ ధరలోనే కలిసి ఉంటుంది, అడిగి తగ్గించుకోవాలి. పక్కింటివాళ్లది, బంధువులది కొనేవాళ్లకు బ్రోకరు అసలు అక్కర్లేదు. న్యాయవాది, సర్వేయరు చాలు.

చిక్కు వచ్చేది బ్రోకరు చేయని పనిని చేశాడని నమ్మడం దగ్గర. "ఈసీ క్లియర్ సార్" అంటూ ఒక కాగితం చేతిలో పెడతారు. ఈసీ అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల జాబితా. మీ శాఖ వెబ్‌సైటులో ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది ఆఫీసులో అర్జీ పెట్టి తీసుకోవాలి. పైగా వెతికిన దాన్ని బట్టి ఈసీ వస్తుంది. పాత డోరు నంబరుతో ఒకటి, కొత్త డోరు నంబరుతో ఒకటి, సర్వే నంబరుతో ఇంకొకటి తీయకపోతే మధ్యలో జరిగిన తనఖా కనిపించకుండా పోవచ్చు. రీసర్వే అయిన గ్రామాల్లో ఎల్పీఎం (కొత్త భూ పటం) నంబరు కూడా వచ్చింది, కాబట్టి నాలుగోది. రిజిస్టరు కాని వీలునామా, నోటిమాటగా జరిగిన పంపకం, నడుస్తున్న చాలా కోర్టు కేసులు, పత్రాలు బ్యాంకులో పెట్టి తీసుకున్న కొన్ని అప్పులు ఈసీలో ఉండవు. అప్పుల కోసం సెర్సాయిలో (తనఖాల కేంద్ర రిజిస్ట్రీ), కేసుల కోసం ఈకోర్టుల సైటులో అమ్మేవాళ్ల పేర్లతో వెతకాలి. బ్రోకరు చూపించే జిరాక్సు చాలదు. ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసి, అమ్మేవాళ్ల చేతిలోని ఒరిజినల్‌తో పేజీ పేజీ పోల్చాలి. ఒంగోలులో 2023లో నకిలీ దస్తావేజుల మీద ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా ఈ పోలిక వద్దనేవాళ్లు ఉంటే ఆ బేరం వదిలేయమనే చెబుతున్నాం.

రెండోది రిజిస్టరు చేయకూడని ఆస్తుల నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ. ఇది మీ సైటులోనే ఉంది, అయినా అడ్వాన్సు ఇచ్చిన తర్వాతే చాలామంది చూస్తారు. పొరపాటున జాబితాకెక్కిన పట్టా భూములూ ఉన్నాయి, ఆ మాట నిజమే. "అది మేం తీయించేస్తాం, మీరు అగ్రిమెంటు చేసుకోండి" అని బ్రోకరు అన్నాడంటే, తీయించిన ఉత్తర్వు కాపీ చేతికి వచ్చేదాకా ఒక్క రూపాయి కదపకూడదు. ఊరి అంచున వేసిన లేఅవుట్లలో ఇంకో రెండు చూడాలి: అసైన్డ్ భూమా, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చినదా (1977 చట్టం కింద ఆ బదిలీ సాధారణంగా చెల్లదు), ఆర్‌ఎస్‌ఆర్‌లో (పాత భూ రికార్డు రిజిస్టరులో) పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో చుక్కలున్నాయా. చుక్కల భూముల కోసం 2017లో వేరే చట్టమే తెచ్చారు. ఈ రెండూ బ్రోకరు నోటి నుంచి వచ్చే మాటలు కావు.

కొలత దగ్గర మోసమే అవసరం లేదు, అజాగ్రత్త చాలు. నెల్లూరులో రేటు అంకణానికి చెబుతారు. ఇక్కడ అంకణం 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. 50 అంకణాలంటే 200 గజాలు, ఇంచుమించు నాలుగు సెంట్లు. కొన్ని ప్రాంతాల్లో అదే మాటకు 72 చదరపు అడుగుల లెక్క. బయటి ఊరివాళ్లు ఈ తేడా తెలియక సగం స్థలానికి పూర్తి ధర మాట్లాడుకునే ప్రమాదం ఉంది. పాత ఇళ్లలో ఇంకో గొడవ: దస్తావేజులో 40 అంకణాలుంటాయి, రోడ్డు వెడల్పులో ముందు భాగం పోయి ఉంటుంది, చెక్కుబందీలో మాత్రం పాత హద్దులే. 45 అడుగుల పొడవున ఒక్క అడుగు తగ్గినా ఒకటింపావు అంకణం పోయినట్టే. రేటు మాట్లాడేది టేపు పెట్టి కొలిచాకే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎవరూ టేపు పట్టుకుని రారు కదా.

అపార్టుమెంటు అయితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాను ప్రకారమే కట్టారని స్థానిక సంస్థ ఇచ్చే పత్రం) అడగాలి. 2017 భవన నిబంధనల ప్రకారం కట్టిన విస్తీర్ణంలో 10 శాతం, ఆ సర్టిఫికెట్ వచ్చేదాకా స్థానిక సంస్థకు తనఖాలో ఉంటుంది. ఆ తనఖా ఫ్లాటు ఏదో ప్లానులో గుర్తు పెట్టి ఉంటుంది. తక్కువకు వస్తోందని చెప్పి దాన్నే కట్టబెట్టకుండా చూసుకోవాలి. లేఅవుట్ అయితే నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి నంబరు అడిగి, బ్రోచరులోని ప్లాను కాకుండా ఆమోదించిన ప్లానులోనే మన ప్లాటు నంబరు ఉందా, పార్కు కోసం వదిలిన స్థలంలో పడిందా చూడాలి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో పక్కింట్లో అడిగితే గోడ మీద గీత చూపిస్తారు. ఒంగోలులో పోతురాజు కాలువ దగ్గర్లో కొనేవాళ్లూ ఇలాగే అడగాలి. బ్రోకరు మాత్రం ఎండాకాలంలో తీసుకొచ్చి చూపిస్తాడు.

అన్నిటికంటే లోతైన గుంట 'అగ్రిమెంట్ హోల్డర్' పద్ధతి. బ్రోకరు యజమానికి ఒకటో రెండో లక్షలు ఇచ్చి మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకుంటాడు. 52 లక్షలకు మాట్లాడిన ఇంటిని మీకు 60కి చెబుతాడు. రిజిస్ట్రేషన్ యజమాని నుంచి నేరుగా మీకే. మధ్యలో 8 లక్షలు నగదుగా తీసుకుని, పైన కమీషన్ కూడా అడుగుతాడు. గడువు దాటితే యజమాని ఎక్కువ ఇచ్చేవాళ్లకు అమ్ముకుంటాడు, మీ టోకెన్ బ్రోకరు జేబులోనే ఉంటుంది. అగ్రిమెంటు రిజిస్టరు చేసి ఉంటే ఈసీలో కనిపించి ఉండేది, దాన్ని మాత్రం చేయరు. ఇంకొందరు జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రం) చూపించి అమ్ముతారు. జీపీఏ, అగ్రిమెంటు కలిపి ఇచ్చినంత మాత్రాన హక్కు రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అందుకే మేం చెప్పేది: అడ్వాన్సు చెక్కు యజమాని పేరు మీదే, రసీదు మీద వాటాదారులందరి సంతకాలు, ఈసీలో గానీ 22ఏలో గానీ తేడా వస్తే ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో అందులోనే రాత. యజమానిని కలవనివ్వని బ్రోకరు వద్దు. నగదుగా 20 వేలు, ఆపైన ఇచ్చిపుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టమే ఒప్పుకోదు. అమ్మేవాళ్లు విదేశాల్లో స్థిరపడినవాళ్లయితే 1 శాతం టీడీఎస్ లెక్క చెల్లదు, కోత చాలా ఎక్కువ. ఆడిటరును అడగకుండా డబ్బు పంపితే ఆ బాకీ కొన్నవాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

బ్యాంకు లోను ఇస్తోంది కాబట్టి టైటిల్ బాగున్నట్టే అని బ్రోకర్లు ధైర్యం చెబుతారు. బ్యాంకు న్యాయవాది రాసేది బ్యాంకు కోసం. అదే కాపీ మీకు ఇమ్మని అడిగి చూడండి, చాలాచోట్ల ఇవ్వరు.

మంత్రి గారూ, ఇప్పుడు మీ వైపు పని. దస్తావేజు చివర రాసినవాళ్ల పేరు ఉంటుంది, సాక్షుల పేర్లు ఉంటాయి. ఆ పక్కనే మధ్యవర్తి పేరు, ఆయన ఏ వైపు మనిషి, ఏ వైపు నుంచి ఎంత తీసుకున్నారు, ఎలా తీసుకున్నారు అని ఒక గడి పెట్టించండి. మధ్యవర్తి లేకపోతే 'లేరు' అని రాస్తారు. అబద్ధం రాస్తే అది సంతకం పెట్టిన అబద్ధం అవుతుంది, రేపు తగవు వస్తే పట్టుకోవడానికి ఒక కాగితం ఉంటుంది. పాత ఇళ్ల బేరాలు చేసే బ్రోకర్లకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వారీగా నమోదు పెట్టి, ఆ జాబితా ఆఫీసు గోడ మీద తెలుగులో అంటించండి.

ఈసీ, 22ఏ, మునిసిపల్ పన్ను బకాయి, ప్లాను అనుమతి ఇవన్నీ ఇప్పుడు వేర్వేరు చోట్ల వెతకాలి. సామాన్యుడు బ్రోకరుకు ఇచ్చే డబ్బులో పెద్ద వాటా ఈ తిరుగుడుకే పోతోంది. డోరు నంబరు కొడితే పాత నంబరు, కొత్త నంబరు, సర్వే నంబరు మూడూ కలిసి ఒకే పేజీలో వచ్చేలా చేస్తే, బ్రోకరు కావాలా వద్దా అన్నది కొనేవాళ్లు సొంతంగా తేల్చుకోగలరు. దస్తావేజుల్లో అంకణాలు రాసే చోట పక్కనే గజాలు, చదరపు మీటర్లు రాయడం తప్పనిసరి చేస్తూ ఒక సర్క్యులర్ ఇవ్వండి. మధ్యవర్తి పేరు రాసే గడి ఎలా ఉండాలో, అందులో ఏయే వరుసలు ఉండాలో నమూనా ఒకటి మేం రాసి పెట్టాం. మీ శాఖ అధికారులు ఎప్పుడు అడిగితే అప్పుడు తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల దస్తావేజు లేఖరులు, న్యాయవాదులు, సర్వేయర్లు కొందరు