వార్షిక నివేదిక 2024–25: విద్యార్థుల పోటీ రోబోలకు వైరింగు, న్యూమాటిక్స్ సహాయం

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, ఈ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జరిగిన పనిని నియమావళి ప్రకారం మీ ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక వాటిని మళ్ళీ వల్లించను.

ఈ ఏడాది మన విశాఖలోని రెండు ఇంజనీరింగ్ కళాశాలల జట్లకు తోడుగా నిలిచాం. రెండూ దూరదర్శన్ పేరుతో జరిగే జాతీయ రోబోకాన్ అనే విద్యార్థుల రోబో పోటీకి సిద్ధమవుతున్న జట్లే. అక్కడ నెగ్గినవారు 2002లో టోక్యోలో మొదలైన ఆసియా-పసిఫిక్ రోబోకాన్‌కు మన దేశం తరఫున వెళతారు. 2025 పోటీకి వేదిక మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్, ఆట బాస్కెట్‌బాల్. రోబోలు బంతిని నేలకు కొట్టాలి, తోటి రోబోకు అందించాలి, బుట్టలో వేయాలి. బ్యాటరీ 24 వోల్టులకు, గాలి ఒత్తిడి 6 బార్లకు మించకూడదన్నది పాత నిబంధనే.

మొదటి జట్టు మన దగ్గరకు వచ్చేసరికి వారి రోబో వేగం అందుకోగానే ఆగిపోయి, మళ్ళీ మొదటి నుంచి లేచేది. తప్పు ప్రోగ్రాములో ఉందనుకుని పిల్లలు రెండు వారాలు ల్యాప్‌టాప్ ముందే కూర్చున్నారు. ఎలక్ట్రీషియన్‌గా పదవీ విరమణ చేసిన మన సభ్యులొకరు ప్రోగ్రాము జోలికి పోకుండా బ్యాటరీ లగ్గు (తీగ చివర తొడిగే లోహపు కొస) మీద వేలు పెట్టి, వెంటనే వెనక్కి తీసుకున్నారు. మోటార్లన్నీ ఒకేసారి లాగుతున్నప్పుడు, అంటే 60 ఆంపియర్ల దగ్గర, ఆ ఒక్క అతుకులోనే ఒకటిన్నర వోల్టులు పోతున్నట్టు మల్టీమీటరు చూపింది. అంటే అంత చిన్న చోట 90 వాట్ల వేడి. దారిలో అలాంటి అతుకులు నాలుగు ఉండటంతో ఆరు వోల్టులు అక్కడే హరించుకుపోయి, లోడు మీద బ్యాటరీ కూడా కుంగడంతో రోబోను నడిపించే కంట్రోలర్‌కు కరెంటు ఇచ్చే కన్వర్టర్ ఆగి మళ్ళీ మొదలయ్యేది.

కారణం వెతికితే, పోగుల తీగ చివరకు సోల్డర్ పూసి స్క్రూ కింద బిగించారు. సోల్డర్ మెత్తని లోహం కాబట్టి ఒత్తిడికి మెల్లగా జారి, స్క్రూ దానంతటదే వదులవుతుంది; పైగా సోల్డర్ ఆగిన చోట తీగ బిరుసెక్కి అదుర్లకు తెగుతుంది. అన్నింటినీ కోసేసి, సరైన కొలత లగ్గులు క్రింపు చేసి, అంటే యంత్రంతో నొక్కి బిగించి, ప్రతి అతుకునూ లాగి చూసి, హీట్ ష్రింక్ స్లీవు తొడిగించాం. కంట్రోలర్‌కు వేరే బ్యాటరీ పెట్టించాం. కరెంటుతో గాలిని తెరిచి మూసే సోలినాయిడ్ వాల్వు ఆగిన ప్రతిసారీ దాని చుట్ట నుంచి ఎగసే వోల్టేజీని అణచడానికి డయోడ్లు కూడా అప్పుడే వేశారు. సోల్డరే గట్టిదని వాదించిన సభ్యులు కొందరు ఇప్పటికీ ఒప్పుకోలేదు. కొలతలు మాత్రం పుస్తకంలో ఉన్నాయి, వచ్చి చూడవచ్చు.

రెండో జట్టుది గాలి బాధ. 32 మిల్లీమీటర్ల సిలిండరు 6 బార్ల దగ్గర దాదాపు 50 కిలోల బరువును నెట్టగలదు, కానీ వీరిది మూడో విసురుకే నీరసపడేది. సబ్బు నీళ్ళు రాసి చూస్తే ట్యూబును లోపలికి తోస్తే పట్టుకునే పుష్ ఫిట్టింగుల్లో ఐదింటికి బుడగలు వచ్చాయి. ట్యూబును కత్తెరతో ఏటవాలుగా కోయడమే అందుకు మూలం. దానికి తోడు మన సముద్రతీరపు గాలిలోని తేమ కంప్రెసర్‌లో నీరుగా మారి వాల్వుల్లోకి దిగింది. ట్యాంకు అడుగున డ్రెయిన్ పెట్టించి, ప్రతి పూటా నీరు వదలడం అలవాటు చేశాం. గాలి నింపే ప్లాస్టిక్ సీసాల్లో గీతలు పడినవాటిని అక్కడికక్కడే పారవేయించి, మిగిలినవాటిని నీటితో నింపి 9 బార్లకు పరీక్షించాం. నీరు గాలిలా కుదించుకోదు కాబట్టి సీసా పగిలినా పేలదు.

ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోదగ్గది ఫిబ్రవరి 2న ఎంవీపీ కాలనీలోని అద్దె హాలులో జరిపిన బహిరంగ ప్రదర్శన. బడి పిల్లలు, తల్లిదండ్రులు హాలు నిండా వచ్చారు. ఆట మధ్యలో ఒక చిన్నవాడు దొర్లిన బంతి కోసం గీత దాటి లోపలికి పరుగెత్తాడు. జట్టు అమ్మాయి ఒకరు తడబడకుండా రోబోను అత్యవసరంగా ఆపే ఎర్ర బటన్ నొక్కారు. బటన్ నొక్కితే కరెంటు పోతుంది గానీ ట్యాంకులోని గాలి ఎక్కడికీ పోదన్న సంగతి మనవారు ముందే పట్టుబట్టి చెప్పినందువల్ల, కరెంటు పోగానే గాలిని బయటికి వదిలే వాల్వు ఆ రోబోకు ఉంది. చెయ్యి ఒక్కసారిగా పడకుండా సిలిండరు దగ్గర గాలిని మెల్లగా వదిలే ఫ్లో కంట్రోల్ కూడా ఉంది. చెయ్యి మెల్లగా, ముసలాయన కుర్చీలో కూర్చున్నట్టు, కిందికి దిగింది. అందరూ బుట్టలో పడ్డ బంతులకు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆ చెయ్యి దిగినప్పుడు కొట్టాను.

ఆటోనగర్‌లో ఫిట్టింగులు అరువిచ్చి, వాడనివి మారు మాట లేకుండా వెనక్కి తీసుకున్న దుకాణదారుకు, క్రింపింగ్ యంత్రం ఆరు నెలలు మన దగ్గరే ఉంచిన ఉక్కునగరం మిత్రునికి, కారు బయట ఎండకు పెట్టుకుని షెడ్డు మనకిచ్చిన సభ్యునికి, ప్రతి శనివారం ఉప్మా, టీ పంపిన వారి ఇంటివారికి, ప్రదర్శన నాడు కుర్చీలు మోసిన యువకులకు, మల్టీమీటరు బహూకరించిన మాజీ అధ్యక్షులకు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

చెప్పక తప్పని మాట ఒకటుంది. గత సర్వసభ్య సమావేశంలో శనివారం విధులకు 14 మంది పేర్లు ఇచ్చారు. హాజరు పట్టీలో ఏ వారమూ ఐదు సంతకాలు దాటలేదు, అవి కూడా ఎప్పుడూ ఆ ఐదుగురివే. ఎర్తింగు సరిగా ఉన్న ఖాళీ గది కోసం ఒక కార్యాలయానికి జూన్‌లో అర్జీ పెట్టాం. ఆరుసార్లు తిరిగాను. నాలుగుసార్లు సారు క్యాంపులో ఉన్నారన్నారు, ఒకసారి ఫైలు దొరకలేదన్నారు, చివరిసారి కొత్త అర్జీ పెట్టమన్నారు. పెట్టాం.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి మీకు పంచారు. హాలు అద్దె, లగ్గులు, ట్యూబులే ప్రధాన ఖర్చు. చిన్న మొత్తం మిగిలింది. సందేహాలుంటే వారిని అడగగలరు.

కంప్రెసర్ సేఫ్టీ వాల్వు ఈ జూన్‌లోగా పరీక్ష చేయించాలి, అందుకు సభ ఆమోదం కోరుతున్నాను. షెడ్డు ఎప్పటిలాగే శనివారం సాయంత్రం 5 గంటలకు తెరుస్తాం. ఇన్నాళ్ళూ తాళం చెవి ఒక్కటే ఉండేది, అది నా దగ్గరే ఉంది. ఇప్పుడు రెండోది చేయించి పెట్టాను, తీసుకోదలచినవారు ఈ సభలోనే పేరు ఇవ్వవలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి
విశాఖపట్నం