పిల్లికి నాలుగు మెతుకులు పెడితే జరిమానా వేస్తారా? విజయవాడ మున్సిపల్ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి నమస్కారం.

విషయం సూటిగా చెప్తాను. మా కాలనీ అసోసియేషన్ వాళ్లు గేటు దగ్గర ఒకటి, బయట రోడ్డు మీద కరెంటు స్తంభానికి ఒకటి బోర్డులు పెట్టించారు. "మున్సిపల్ ఆదేశాల మేరకు ఆరుబయట పిల్లులకు ఆహారం పెట్టడం నిషేధం, అతిక్రమిస్తే 1000 రూపాయల జరిమానా" అని వాటి మీద ఉంది. ఆ ఆదేశం కాపీ చూపించమని అడిగితే ఇంతవరకు ఎవరూ చూపించలేదు. వాట్సాప్ గ్రూపులో అడిగితే "మేడమ్, అంత ప్రేమ ఉంటే మీ ఇంట్లో పెట్టుకోండి" అని జవాబు వచ్చింది. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. అలాంటి ఆదేశం మీ ఆఫీసు నుంచి వచ్చిందా? రాకపోతే, మీ సంస్థ పేరు చెప్పి జనాన్ని భయపెడుతున్న ఆ బోర్డులు తీయించండి. ఒకవేళ వచ్చి ఉంటే దయచేసి వెనక్కి తీసుకోండి. ఎందుకు తీసుకోమంటున్నానో చెప్తాను.

మా వీధిలో పిల్లులకు పెట్టేది నేనొక్కదాన్నే కాదు. ఇంట్లో జాకెట్లు కుట్టుకునే ఆవిడ ఒకరు, నైట్ డ్యూటీ చేసి వచ్చే నర్సమ్మాయి ఒకరు, చేపల మార్కెట్లో పారేసే తలకాయలూ తోకలూ ఏరి తెచ్చి ఉడకబెట్టి పెట్టే ఒక పెద్దాయన. ఎవరికీ పెద్ద జీతాలు లేవు. బోర్డు పెట్టాక ఆ కుట్టుపని ఆవిడ మానేసింది. తప్పేముంది, 1000 రూపాయలంటే ఆమెకి ఎన్ని జాకెట్లు కుట్టాలి! పెద్దాయన మాత్రం తెల్లవారకముందే వచ్చి, ఎవరైనా చూస్తారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ, పెట్టేసి గబగబా వెళ్లిపోతున్నారు. ఇన్నేళ్లు ఆ వీధిలో తలెత్తుకుని తిరిగిన మనిషి ఆకలిగా ఉన్న జంతువుకి ముద్ద పెట్టడానికి దొంగలాగా రావాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంది.

పిల్లులు తగ్గాయా అంటే ఒక్కటి కూడా తగ్గలేదు. గిన్నెలో పెట్టింది తిని పోయే పిల్లులు ఇప్పుడు పొద్దున్నే చెత్త బండి వచ్చేలోపు గుమ్మాల ముందు పెట్టిన కవర్లు చీల్చేస్తున్నాయి, కిటికీ జాలీ కాస్త వదులుగా ఉంటే చాలు వంటింట్లోకి దూరుతున్నాయి. "అమ్మగారూ, మీరు పెట్టడం మానేశాక మా గదిలో కూరగిన్నె మీద మూత నిలవట్లేదండీ" అని వాచ్‌మన్ భార్య నాతోనే అంది. నిషేధం వల్ల మొదట నష్టపోయింది ఆమే. ఆమెని మాత్రం మీటింగుకి ఎవరూ పిలవలేదు.

ఇక చట్టం సంగతి. కేంద్రం 2023 మార్చిలో తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల్లో 20వ నిబంధన చూడండి. సొంతదారులు లేకుండా ఒక ప్రాంతంలో బతికే జంతువులకు ఆహారం పెట్టే ఏర్పాటు చేయాల్సిన బాధ్యత ఆ ప్రాంతపు నివాసుల సంఘానిది, అపార్ట్‌మెంట్ యజమానుల సంఘానిది, స్థానిక సంస్థదని అందులో ఉంది. పిల్లలు ఆడుకునే చోటికి, మెట్లకి, రాకపోకల దారికి దూరంగా ఒక స్థలం చూపించాలి, పిల్లలూ వృద్ధులూ ఎక్కువగా తిరగని వేళ పెట్టించాలి, పెట్టేవాళ్లు ఆ చోటు శుభ్రంగా ఉంచాలి. ఇందులో పెట్టేవాళ్లకి బాధ్యత ఉంది, అభ్యంతరం ఉన్నవాళ్లకి రక్షణ ఉంది, నిషేధం మాత్రం లేదు. పైగా కాలనీ సంఘం సభ్యుల దగ్గర మెయింటెనెన్స్ వసూలు చేసుకోవచ్చు గానీ, పబ్లిక్ రోడ్డు మీద నడిచే మనిషికి జరిమానా వేసే అధికారం దానికి ఎవరిచ్చారు?

మా సెక్రటరీ గారు సుప్రీంకోర్టు తీర్పు ఉందంటారు. ఉంది, నేను కాదనను. 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఆ ఉత్తర్వు వీధి కుక్కల గురించి. వీధుల్లో ఎక్కడపడితే అక్కడ కుక్కలకు పెట్టొద్దని అందులో గట్టిగానే చెప్పారు. అదే ఉత్తర్వులో, ప్రతి మున్సిపల్ వార్డులో ఆహారం పెట్టడానికి ప్రత్యేక స్థలాలు ఏర్పాటు చేయాలని, అక్కడ బోర్డులు పెట్టాలని కూడా చెప్పారు. సగం చదివి రెండో సగం వదిలేస్తే ఎలా? కుక్క కాటు భయం నిజమే, ఈ ఊళ్లో చిన్నపిల్లల్ని బడికి పంపే ప్రతి తల్లికీ ఆ టెన్షన్ ఉంది, నాకూ తెలుసు. కానీ మనిషి అలికిడికే కారు కిందికి పారిపోయే పిల్లిని ఆ లెక్కలో కలిపేసి, కుక్కల మీద ఉన్న కోపమంతా దాని మీద చూపించడం న్యాయం కాదు.

ఇంకో మాట. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960 నాటిది. ఒక జంతువుని కొట్టి హింసించినవాడికి మొదటి తప్పుకి ఆ చట్టం వేసే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అన్నం పెట్టినందుకు మా బోర్డు అడుగుతున్నది 1000. కమిషనర్ గారూ, ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఒకసారి ఆలోచించండి.

వ్యతిరేకించేవాళ్లందరూ చెడ్డవాళ్లని నేను అనడం లేదు. వాళ్ల ఫిర్యాదుల్లో చాలావరకు నిజమే. సెల్లార్‌లో మూత్రం వాసన వస్తుంది, కొత్త బండి సీటు గీకేస్తాయి, గండుపిల్లులు అర్ధరాత్రి పెట్టే అరుపులకి పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. కొందరు పైఅంతస్తు బాల్కనీలోంచి మిగిలిన అన్నం కవరుతో సహా కిందికి విసిరేసి పిల్లులకు పెట్టామంటారు, దానికి చీమలూ కాకులూ చేరి ఆ మెట్లన్నీ కంపు. అలాంటివాళ్లకి నిజంగానే జరిమానా వేయండి, నేను సంతోషిస్తాను. కానీ ఆ వాసనా, ఆ అరుపులూ, ఆ కొట్లాటలూ చాలామటుకు ఆపరేషన్ చేయని గండుపిల్లుల వల్ల వచ్చేవే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేస్తే ఇవన్నీ బాగా తగ్గుతాయి. ఆకలితో మాడిస్తే తగ్గవు.

అసలు నేను మీకు చెప్పాలనుకున్నది ఇదే, దయచేసి ఈ పేరా వదలకుండా చదవండి. ఆడపిల్లి ఆరు నెలలు కూడా నిండకుండానే కడుపుతో ఉండగలదు. మోసేది సుమారు తొమ్మిది వారాలే. ఏడాదికి రెండు మూడు ఈతలు, ఈతకి మూడు నాలుగు కూనలు. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని పెద్దవాళ్లు ఊరికే అనలేదు, అలికిడి అయితే చాలు చోటు మార్చేస్తుంది, మీ సిబ్బంది వచ్చి వెతికినా దొరకదు. మరి ఆపరేషన్‌కి ఎలా పట్టుకోవాలి? రోజూ ఒకే టైముకి ఒకే చోట తిండి దొరికే పిల్లి మాత్రమే బోనులోకి వస్తుంది. ముందు రోజు రాత్రి తిండి ఆపి, పొద్దున్న గిన్నె పెట్టే చోటే బోను పెట్టి, లోపల చేపముక్క ఉంచి, తలుపు పడగానే పైన గుడ్డ కప్పితే గోల చేయకుండా కూర్చుంటుంది. ఏది ఆడది, ఏది గండుది, ఏది పాలిచ్చే తల్లి, ఏది కొత్తగా వచ్చింది, ఇవన్నీ తెలిసేది రోజూ పెట్టే మనిషికే. ఆపరేషన్ అయిన పిల్లికి మత్తులో ఉండగానే చెవి కొస కొద్దిగా కత్తిరిస్తారు, దాంతో మళ్లీ పట్టుకోవాల్సిన పని ఉండదు, రేబిస్ టీకా కూడా అప్పుడే వేసేయొచ్చు. పెట్టేవాళ్లని భయపెట్టి తరిమేస్తే ఈ పని చేయడానికి మీకు సాయం చేసేవాళ్లే మిగలరు. అప్పుడు పిల్లుల సంఖ్య ఏ కమిటీ చేతిలోనూ ఉండదు.

గోనెసంచిలో కట్టి బ్యారేజీ దాటించి సీతానగరం వైపు వదిలేద్దామని కూడా ఒకరన్నారు. ఒక చోట పిల్లుల్ని తీసేస్తే, అక్కడ చెత్తా ఎలుకలూ ఉన్నంతకాలం పక్క వీధి పిల్లులు వచ్చి చేరతాయి. తెలియని చోట వదిలేసిన పిల్లి ఆకలికో, అక్కడి కుక్కల నోటికో పోతుంది. అలా ఆకలికి మాడేలా వదిలేయడం కూడా 1960 చట్టం ప్రకారం నేరమే. ఇంకొకరు మందు పెడదామన్న మాట కూడా నా చెవిన పడింది. వాళ్లకి ఇక్కడే చెప్తున్నాను, జంతువుకి విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు.

ఈ ఊరు మూడు కాలువల ఊరు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ నడిబొడ్డులోంచి పోతాయి, గట్ల పొడుగునా ఎలుకలకి కొదవ లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు ఎంత చెత్త, ఎంత బురద పేరుకుందో మీ శాఖకి నేను చెప్పక్కర్లేదు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో నడిస్తే లెప్టోస్పైరోసిస్ వస్తుందని డాక్టర్లు వరదలు వచ్చినప్పుడల్లా హెచ్చరిస్తారు. పిల్లులుంటే ఎలుకలన్నీ పోతాయని అబద్ధం చెప్పను, పెద్ద పందికొక్కుల జోలికి అవి సాధారణంగా పోవు. కానీ చుంచులూ చిన్న ఎలుకలూ ఇళ్లలో చేరకుండా ఎంతో కొంత అడ్డుపడేవి ఇవే. చెత్త సరిగ్గా ఎత్తించకుండా, కాలువ గట్లు శుభ్రం చేయించకుండా, ముందు పిల్లుల కడుపు మాడ్చాలనుకోవడం నాకు అర్థం కాని విషయం.

మీరు పెద్ద ఖర్చు పెట్టాల్సిన పని కూడా లేదు. ముందు ఆ బోర్డుల మీద రాసిన ఆదేశం ఉందో లేదో రాతపూర్వకంగా చెప్పండి, ఆ ఒక్క కాగితంతో సగం గొడవ తీరుతుంది. తర్వాత వార్డుకి కొన్ని చోట్లు గుర్తించి ఇక్కడ పెట్టుకోవచ్చని చెప్పండి. మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దాటాక గోడవారగా, ఎవరి గుమ్మానికీ ఎదురు రాని జాగా ఉంది, శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారిని పంపిస్తే నేనే చూపిస్తాను. ఆపరేషన్ల విషయానికొస్తే మనకి పక్కనే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. వాళ్లతో మాట్లాడి నెలకి ఒక క్యాంపు పెట్టించగలిగితే బోన్లు పట్టుకుని, ఆటో మాట్లాడుకుని పిల్లుల్ని తీసుకొచ్చే బాధ్యత మాలాంటివాళ్లం తీసుకుంటాం. ముంబయి కార్పొరేషన్ కుక్కలతో పాటు వీధి పిల్లులకూ ఆపరేషన్లు చేయిస్తోంది, విజయవాడకి చేతకాని పనేమీ కాదు.

మా వైపు నుంచి మాట ఇస్తున్నాను. పెట్టేది ఒకే చోట, ఒకే వేళకి. అరగంటలో గిన్నె తీసేసి కడిగేస్తాం, మెతుకు మిగలనివ్వం. పాలు పోయం, పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటే మళ్లీ ఆ కంపు అందరికీ. ఎండాకాలం నీళ్ల గిన్నె మాత్రం రోజంతా ఉంచుతాం, బెజవాడ రోహిణి కార్తె ఎండలో అది కూడా వద్దనరని నా నమ్మకం. ఇందులో ఏది తప్పినా మా మీద చర్య తీసుకోండి.

ఈ లేఖనే అర్జీగా రాసి సోమవారం గ్రీవెన్స్‌లో కూడా ఇస్తున్నాను, బోర్డుల ఫొటోలు జత చేస్తాను. మా వెనక షెడ్డులో ఒక తల్లి పిల్లి నాలుగు కూనల్ని పెట్టింది, అవి ఇంకా కళ్లు తెరవలేదు. కొన్ని నెలలు గడిస్తే వాటిలో ఆడవి మళ్లీ కడుపుతో ఉంటాయి. ఆ లోపే క్యాంపు తేదీ ఒకటి చెప్పండి సార్.

ఇట్లు,
మీ నగరంలో ఇంటిపన్ను కట్టే ఒక నివాసి
విజయవాడ