మాలకైట్ క్రీమ్‌పై ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మాలకైట్ క్రీమ్, విటమిన్ సి సీరమ్ జంట ప్యాక్ – డబ్బు వాపసు గురించి

అయ్యా / అమ్మా,

పోయిన నెల 12న మీ వెబ్‌సైట్‌లో ఈ జంట ప్యాక్ 2,649 రూపాయలకు కొన్నాను. సీరమ్‌ను క్రీమ్‌లో కలిపి వారానికి సరిపడా ఉంచుకోమని లోపలి కాగితంలో రాశారు. అలాగే చిన్న గాజు సీసాలో కలిపాను. కొంచెం సీరమ్‌ను విడిగా అలాంటి సీసాలోనే పోసి పక్కన పెట్టాను. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేదాన్ని, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? నాలుగో రోజుకి కలిపినది డికాక్షన్ పడిన పాలలా తయారైంది. విడి సీరమ్ మాత్రం నీళ్ళలా తేటగానే ఉంది.

ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్ అమ్మాయి, "నేచురల్ స్టోన్ కదా మేడమ్, కలర్ మారడం కామనే" అంది. పాపం, ఆమెకు ఇచ్చిన స్క్రిప్టు అది.

మాలకైట్ అంటే రాగి కార్బొనేట్ ఖనిజం. రాగి చెంబు తోమకుండా వదిలేస్తే పట్టే ఆకుపచ్చ చిలుము ఉంటుందే, ఇంచుమించు ఆ కోవదే. మీ డబ్బా మీద "రాయిలోని యాంటీఆక్సిడెంట్ శక్తి" అని ఉంది. ఆ శక్తి రాయిది కాదు. మన కణాల్లో సూపరాక్సైడ్ డిస్‌మ్యుటేజ్ అనే ఎంజైమ్ ఉంది. కణాలకు హాని చేసే సూపరాక్సైడ్‌ను విరిచేయడం దాని పని అని 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అందులో ఒక రకానికి రాగి, జింకు రెండూ కావాలి. రాగి ఆ ఎంజైమ్‌లో ఇమిడి ఉన్నప్పుడే కాపలా కాస్తుంది. విడి అయానుగా (విద్యుదావేశమున్న కణంగా) విటమిన్ సి పక్కన చేరిందా, కంచే చేను మేసినట్టే. విటమిన్ సి త్వరత్వరగా ఆక్సీకరణం చెంది గోధుమ రంగుకు తిరుగుతుంది, పైగా హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. దానికి రాగి పిసరంత ఉన్నా చాలు. క్రీమ్ పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) కూడా ఓ చెయ్యి వేసి ఉండవచ్చు, అది తేల్చాల్సింది మీ ల్యాబ్.

ఇక ఆ పిసరు సంగతి. 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం 1 శాతం మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు ముందు రాయాలి. మిగతావి వాటి తర్వాత ఏ వరుసలోనైనా రాయవచ్చు. మీ లేబుల్‌లో మాలకైట్ సారం ఫినాక్సీఇథనాల్ తర్వాత ఉంది. ఆ ప్రిజర్వేటివ్‌ను 1 శాతం మించి వాడకూడదు. అంటే మాలకైట్ కూడా ఆ లోపే. మరి క్రీమ్‌కి ఇంత పచ్చదనం ఎక్కడిది? చివరి వరుసలో రంగుల కోడ్ నంబర్లలో దొరికింది: సీఐ 19140 పసుపు, సీఐ 42090 నీలం. రంగులు వాడటం తప్పని నేననను. కానీ ప్రకటనలో రాయిని పగలగొట్టి క్రీమ్‌లో ఆకుపచ్చగా ఒలికించారు చూడండి, కోపం వచ్చింది అక్కడే.

నా 2,649 రూపాయలు వాపస్ చేయండి. క్రీమ్‌లో మాలకైట్ సారం ఎంత శాతం ఉందో రాతపూర్వకంగా చెప్పండి. ఆ "కలిపి ఉంచుకోండి" అన్న మాట కాగితంలోంచి తీసేయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తాను. రెండు సీసాల ఫొటోలు, బిల్లు జత చేశాను. సీసాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి, కావాలంటే కొరియర్ వాళ్ళను పంపించండి.

భవదీయురాలు,
మీ కొనుగోలుదారు, హనుమకొండ