మా ఫిర్యాదు మీ దాకా ఎందుకు రాదంటే: తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

నేను కోర్లగుంటలో ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. మా ఆయన కొండ మీదికి టాక్సీ తోలతారు. మన జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఆ నెలాఖరులోనే నేను మనుషులను చేర్పించి వాళ్ల ద్వారా సరుకు అమ్మించే ఒక డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలో ఐడీ తీసుకుని చేరాను. అంటే జిల్లాకూ నా అప్పుకూ ఒకే వయసు. ఆ అప్పు ఇప్పుడు తీరింది, ఒక్క బాకీ మిగిలింది. దాని సంగతి తరువాత చెబుతాను.

మాఫీ అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. పోయిన డబ్బు ఇప్పించమనీ అడగడం లేదు. ఇలాంటి కంపెనీల మీద సోమవారం గ్రీవెన్స్‌లో మీకు అర్జీలు పెద్దగా వచ్చి ఉండవని నా అనుమానం. రాకపోవడానికి కారణం ఉంది. అది మీకు తెలియాలి.

కరోనా రెండేళ్లు దర్శనాలు కుదించారు కదా, టాక్సీ ఇంటి ముందే ఉండిపోయింది. పెళ్లిళ్లు లేక నాకూ బ్లౌజులు రాలేదు. అప్పుడు పక్క వీధి అక్క ఒకామె బైపాస్ దగ్గర ఒక హాల్లో మీటింగుందని పిలుచుకుపోయింది. కోటు వేసుకున్న ఒకాయన మైకు పట్టుకుని, "వేంకటేశ్వరస్వామే పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, అప్పుకు భయపడేవాడు ఎదగడు" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన ఇంకా వడ్డీ కడుతూనే ఉన్నాడన్న సంగతి, వడ్డికాసులవాడి ఊళ్లోనే పుట్టి పెరిగిన నాకు ఆ పూట గుర్తు రాలేదు.

కట్టింది 7,500 రూపాయలు. "ఇది ఫీజు కాదక్కా, సరుకు ఇస్తున్నాం కదా" అన్నారు. ఒక పొడి డబ్బా, రెండు జ్యూసు సీసాలు, మొహానికి రాసుకునే క్రీము ఇచ్చారు. ఎడమ వైపు ఒకరిని, కుడి వైపు ఒకరిని చేర్పిస్తే నా డబ్బు నాకు వచ్చేసినట్టే అన్నారు. చేరేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకోకూడదనీ, ఇంకొకరిని తీసుకొస్తే కొన్న ధర వెనక్కి వస్తుందని ఆశ చూపి సరుకు అంటగట్టకూడదనీ కేంద్రం 2021 డిసెంబరు 28న నిబంధనలు తెచ్చింది. అప్పటికే నడుస్తున్న కంపెనీలకు ఇచ్చిన 90 రోజుల గడువు కూడా నేను చేరేనాటికి దాటిపోయింది. నా చేత టిక్కు పెట్టించిన ఒప్పందం ఫోనులో ఇంగ్లీషులో ఉంది. అది ఎన్ని పేజీలో కూడా నేను చూడలేదు.

లెక్క తప్పని మొదట పట్టుకున్నది మా అమ్మాయి. తొమ్మిదో తరగతి చదివేది అప్పుడు. రెండు, నాలుగు, ఎనిమిది అని క్యాలిక్యులేటరులో నొక్కుకుంటూ పోయి, "అమ్మా, పద్దెనిమిదో మెట్టుకే 2,62,144 మంది కావాలి" అంది. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగరం మొత్తం కలిపినా మూడు లక్షల లోపే. "నీకు బిజినెస్ మైండ్ లేదు" అని దాని నోరు మూయించాను. ఈ మాట కూడా మీటింగులో నేర్చుకున్నదే.

నెలాఖరు వస్తే టెన్షన్. సిల్వర్ ర్యాంకు పోకుండా ఉండాలంటే నెలకు ఇన్ని పాయింట్ల సరుకు కదలాలి. కదలకపోతే మనమే డబ్బు పెట్టి ఎత్తాలి. నా ఐడీ మీద ఎత్తాను, మా ఆయన పేరున ఇంకో ఐడీ తీసి దాని మీదా ఎత్తాను. నాకు ఎక్కువ కమీషన్ వచ్చిన నెలలో 11,200 వచ్చింది. ఆ మెసేజ్ ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టాను. అదే నెల నేను ఎత్తిన సరుకు 26,000 రూపాయలది. ఆ ఫోటో స్టేటస్ పెట్టలేదు. ఆ స్టేటస్ చూసి ముగ్గురు చేరారు.

2023 నవంబరులో ఆపేశాను. అప్పటికి మంచం కింద డబ్బాలు, నెత్తి మీద 6,02,000 రూపాయల అప్పు. అమ్మ పెట్టిన ఐదున్నర సవర్ల బంగారం బ్యాంకులో కుదవ పెట్టి తెచ్చింది 1,60,000. ప్రోనోటు మీద మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది లక్షన్నర. పాడుకున్న చీటీకి ఇంకా 20 నెలలు, నెలకు 6,000 కట్టాలి. పొదుపు సంఘంలో 60,000. క్రెడిట్ కార్డులో 74,000. ఫోను యాప్‌లలో 38,000. సంఘం డబ్బు మిషన్లు కొంటానని తీసుకున్నది. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

కొలతల పుస్తకం వెనక పేజీల్లో ఇవన్నీ రాసుకున్నాను. ముందు అసలు మాత్రమే రాశాను. తరువాత పక్కన ఇంకో గీత గీసి, ఏ అప్పు నెలకు ఎంత తింటోందో రాశాను. ఆ రెండో గీత గీసిన రాత్రే నాకు కళ్లు తెరుచుకున్నాయి. అన్నిటికన్నా పెద్దదని నేను భయపడింది బంగారం లోనుకు. అది నెలకు 1,200 తింటోంది. దానికంటే చిన్నదైన ప్రోనోటు నెలకు 4,500 తింటోంది, ఏడాదికి 54,000. కార్డుకు మినిమమ్ డ్యూ కట్టి హాయిగా నిద్రపోయేదాన్ని. ఆ కట్టినదాంట్లో సగానికి పైగా వడ్డీకే పోయేది, అసలు పెద్దగా తగ్గలేదు.

యాప్‌ల అప్పు అన్నిటికన్నా చిన్నది, గోల మాత్రం దానిదే పెద్దది. మాకు బ్లౌజులు కుట్టమని ఇచ్చేవాళ్లకు యాప్‌ల వాళ్లు ఫోన్లు చేసి నేను దొంగనని చెప్పారు. ఒక టీచరమ్మ కుట్టకుండానే గుడ్డ వెనక్కి తీసుకుపోయింది. అప్పు తీసుకున్నవాళ్ల కాంటాక్టుల్లోకి యాప్ పోకూడదనీ, వసూలు చేసేవాళ్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత ఫోన్ చేయకూడదనీ 2022లోనే రిజర్వు బ్యాంకు చెప్పిందని నాకు చెప్పింది మళ్లీ మా అమ్మాయే. ఒక యాప్ వెనక రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీ ఉంది. దానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. 30 రోజులైనా జవాబు లేకపోతే ఇలాంటి ఫిర్యాదులు చూసే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టాను. ఫోన్లు ఆగిపోయాయి. మిగతా రెండిటికీ అడ్రసే లేదు. వాటి మీద సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పి, రిజర్వు బ్యాంకు వాళ్ల సచేత్ పోర్టల్‌లోనూ రాశాను. పీకో మిషను, ఫ్రిజ్జు అమ్మి యాప్‌ల అసలు కట్టేశాను. ఆ ఎండాకాలమంతా మా అత్త కుండలో నీళ్లు పోసి పెడుతూ, "మే, ఫ్రిజ్జు నీళ్లకన్నా ఇవే బాగుండాయి" అనేది. ఆమె నన్ను దెప్పింది లేదు.

ప్రోనోటు ఇచ్చినాయన దగ్గరికి దాక్కోకుండా నేనే పోయాను. వడ్డీ రెండు రూపాయలకు తగ్గించమని అడిగాను. తిట్టాడు, తరువాత ఒప్పుకున్నాడు. కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయించుకున్నాను. అలా రాయించుకోని రెండు కంతులు గాలికి పోయాయి. కార్డు బాకీని నెలవారీ కంతులుగా మార్పించుకున్నాను. కొంత తగ్గించి సెటిల్మెంట్ చేస్తామని వాళ్లు ఫోన్ చేశారు గానీ, మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్‌లో 'సెటిల్డ్' అని పడితే రేపు పాప చదువుకు లోను పుట్టదని ఒప్పుకోలేదు. ఆ పట్టుదల సరైందో కాదో ఇప్పటికీ నాకు తేల్లేదు.

నిజం చెప్పాలంటే, ఇంత చేసినా వడ్డీల దగ్గరే తిరుగుతుండేదాన్ని. ఒడ్డున పడేసింది బంగారం. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష దాటింది. ఇన్నాళ్లూ వడ్డీ కట్టి రెన్యువల్ చేసుకుంటున్న నగలు అమ్మేద్దామనుకున్నాం. నగల కొట్టతనే బ్యాంకుకు వచ్చి లోను కట్టి, విడిపించి కొనుక్కున్నాడు. అన్నీ పోను చేతికి 2,20,000 వచ్చింది. ఆ వారంలోనే ప్రోనోటు చింపించాను, కార్డు మూయించాను, మిగిలింది చీటీకీ సంఘానికీ కట్టాను. ఇందులో నా తెలివేమీ లేదు. అమ్మ హారం నా బదులు అప్పు కట్టింది. కుదవ పెట్టడానికి బంగారమే లేనివాళ్లు నా కింద పదకొండు మంది ఉన్నారు.

మిగిలిన బాకీ వాళ్లదే. చట్టప్రకారం నేను వాళ్లకు పైసా ఇవ్వనక్కర్లేదు. నా వల్ల చేరి 7,500 చొప్పున పోగొట్టుకున్నారు. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టి అమ్మే ఆమె, మా వదిన, మా సంఘంలోని ఇద్దరు... నలుగురికి ఇచ్చేశాను. ఏడుగురికి 52,500 ఇవ్వాలి, నెలకు వెయ్యి రూపాయలు తీస్తున్నాను. వదిన డబ్బు తీసుకుంది, ఇంకా మాట్లాడదు.

అయ్యా, ఫిర్యాదు ఎందుకు రాదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. నేను ఒక పోలీసు స్టేషనుకు పోతే మొదటి ప్రశ్న, "నీ కింద ఎంతమంది?" పదకొండు అన్నాను. "అయితే ముందు నీ మీద పెట్టాలమ్మా కేసు" అన్నారు. తప్పుగా అన్లేదు. 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం నడిపేవాణ్నే కాదు, చేరినవాళ్లనూ వదలదు. ఇంకో ఆఫీసులో, "మీరు అమ్మేవాళ్లు, వినియోగదారు కిందికి రారు" అన్నారు. సొంతంగా పని చేసుకుని బతకడానికి కొనుక్కుని వాడుకున్న సరుకైతే వినియోగదారే అవుతారని 2019 చట్టంలోనే వివరణ ఉందని తరువాత ఒక వకీలు చెప్పారు. నా పైన ఉన్నది ఎవరు? పక్క వీధి అక్క. ఆమె పైన ఆమె మరిది. కోటాయన దాకా పోవాలంటే మధ్యలో నాలుగిళ్ల చుట్టరికాలు తెంపుకోవాలి. మామూలు మోసంలో మోసపోయినవాడు ఒకడు, మోసం చేసినవాడు ఒకడు. ఇక్కడ ఇద్దరూ ఒకే మనిషి. అందుకే నోరు లేవదు.

ఆ వకీలే ఐపీ, అంటే దివాలా అర్జీ, పెట్టే దారి కూడా చెప్పారు. మన ఊళ్లలో ఐపీ పెట్టినవాడంటే తిట్టు. పైగా ఐపీ చట్టం 1920 నాటిది, అప్పు 500 రూపాయలుంటే చాలు అర్జీ పెట్టవచ్చంటుంది, ఆనాటి 500 మరి. 2016 దివాలా చట్టంలో పేదవాళ్ల చిన్న అప్పులు కొట్టేసి మళ్లీ మొదలుపెట్టనిచ్చే ఏర్పాటు ఉందట. ఆదాయం ఏడాదికి 60,000, అప్పు 35,000 దాటకూడదట. ఆ భాగం కాగితం మీదే ఉంది, అమల్లోకి రాలేదు. ఇది మీ చేతిలో లేదని తెలుసు.

మీ చేతిలో ఉన్నది అడుగుతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 16వ సెక్షను ప్రకారం, ఫిర్యాదు వస్తే జిల్లా కలెక్టరే విచారణ చేసి కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీకి నివేదిక పంపవచ్చు. జిల్లా వినియోగదారుల రక్షణ మండలికి అధ్యక్షులూ మీరే. ఫిర్యాదు ఉంటేనే కదలాలంటే, నేను పెడతాను. కంపెనీ పేరు ఇక్కడ రాయలేదు, అర్జీలో రాస్తాను. ఒక్కటే కోరిక. నా తరువాత వచ్చే ఆడవాళ్లను "నీ కింద ఎంతమంది" అని మొదట అడగవద్దని కింది సిబ్బందికి చెప్పండి. మా తప్పు లేదని కాదు. వందలమందిని చేర్పించి సరుకు మీద, మీటింగు టికెట్ల మీద సంపాదించినవాడినీ, పదకొండు మందిని చేర్పించి నగలు అమ్ముకున్నదాన్నీ ఒకే బోనులో నిలబెడితే సాక్షి అనేవాళ్లు మీకు దొరకరు.

డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీల మీద నిఘాకు ప్రతి రాష్ట్రమూ ఒక ఏర్పాటు చేయాలని ఆ 2021 నిబంధనల్లోనే ఉంది. మన జిల్లాలో ఆ పని చూసే అధికారి ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో తెలుగులో ఒక బోర్డు పెట్టించండి. ఈ మీటింగుల వాళ్లు పొదుపు సంఘాల లోను పడే రోజులు కనుక్కుని మరీ వస్తారు. పదిమంది ఆడవాళ్లు, చేతిలో కొత్త డబ్బు, అంతకన్నా ఏం కావాలి? సంఘాల పనులు చూసే మా ఆర్పీలకు (రిసోర్స్ పర్సన్లకు) ఈ లెక్క ఒక్కసారి చెప్పిస్తే చాలు, ఆ పద్దెనిమిది మెట్ల లెక్క. బ్యాంకుల సమీక్షా సమావేశాలకు మీరే అధ్యక్షత వహిస్తారు కదా. ఆర్థిక అక్షరాస్యత కేంద్రాల్లో పొదుపు గురించి చెబుతారు, మంచిదే. అప్పటికే మునిగినవాళ్ల కాగితాలు ముందు పెట్టుకుని, ఏది ముందు కట్టాలో పక్కన కూర్చుని చెప్పే మనిషిని వారానికి ఒక పూటైనా పెట్టించండి. ఆ రెండో గీత గీయడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

వచ్చే సోమవారం పద్మావతి నిలయానికి వస్తాను. ఒప్పందం ప్రింటు, ప్రోనోటు ముక్కలు, కొలతల పుస్తకం తెస్తాను. మంచం కింద ఇంకా పంతొమ్మిది పొడి డబ్బాలున్నాయి. అమ్ముడుపోయే స్థితిలో ఉన్న సరుకును కంపెనీ వెనక్కి తీసుకోవాలని నిబంధన. నేను అడిగి అడిగి ఉండగానే వాటి తేదీ దాటిపోయింది. అవి కూడా తేవాలో వద్దో మీ ఆఫీసు నుంచి ఒక మాట చెప్పిస్తే, ఆటో మాట్లాడుకుంటాను.

ఇట్లు,
కోర్లగుంట నుంచి ఒక టైలరు
తిరుపతి