350 దగ్గరే ఎందుకు ఆగానంటే

మెహిదీపట్నం, హైదరాబాద్

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో 125 సీసీ బండికి ముందూ వెనకా ఎర్రటి ‘ఎల్’ బోర్డులు తగిలించుకుని ఆఫీసుకు వెళ్తున్నావని చదివి మీ చెల్లెలు ఒకటే నవ్వు. కాలేజీ రోజుల్లో ట్యాంక్‌బండ్ మీద మా అందరికీ బండి నేర్పినవాడివి నువ్వే కదా! కానీ చివర్లో నువ్వు అడిగిన ప్రశ్న నవ్వి వదిలేసేది కాదు. లైసెన్సు మీద ఎంత పెద్ద బండినైనా నడిపే హక్కు ఉండి, ఈఎంఐ కట్టే స్తోమత కూడా ఉండి, 650 సీసీ బండి కొనకుండా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 దగ్గర ఎందుకు ఆగిపోతున్నావని నిలదీశావు. తీరిగ్గా జవాబు రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ హక్కు సంగతి చూద్దాం. మన 1988 నాటి మోటారు వాహనాల చట్టం మోటారు సైకిళ్లను గేరు ఉన్నవి, గేరు లేనివి అని మాత్రమే విడదీసింది. పదహారేళ్లకే ఇచ్చే 50 సీసీ లైసెన్సును పక్కన పెడితే, ఇంజను సామర్థ్యాన్ని బట్టి గానీ, శక్తిని బట్టి గానీ లైసెన్సులో మెట్లు లేవు. పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రవాడు వాళ్ల నాన్నగారి 100 సీసీ బండి మీద నాగోల్ ట్రాక్‌లో పరీక్ష పాసై, లైసెన్సు చేతికి రాగానే 1000 సీసీ బండి ఎక్కినా చట్టం దృష్టిలో తప్పు లేదు. ఊరి దిగుడుబావిలో ఈత వచ్చిందని చూసి, వరదలో ఉన్న కృష్ణలోకి దూకడానికి చీటీ రాసి ఇచ్చినట్టుంటుంది ఈ వ్యవహారం. మీ దగ్గర అలా కాదు. సీబీటీ అనే ప్రాథమిక శిక్షణ, థియరీ పరీక్ష, మాడ్యూల్ ఒకటి, మాడ్యూల్ రెండు అనే బండి నడిపే పరీక్షలు వరుసగా దాటాలి. పందొమ్మిదేళ్లవాడికి ఇచ్చే ఏ2 లైసెన్సుకు 35 కిలోవాట్ల హద్దు ఉంది, ఇరవై నాలుగేళ్లు నిండితే తప్ప నేరుగా పెద్ద బండి పరీక్షకు కూర్చోనివ్వరు. నువ్వు దాన్ని చాదస్తం అన్నావు. నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, కాస్త అసూయగా ఉంది.

మన దగ్గర మెట్లు అసలే లేవని కూడా అనలేను. ఉన్నాయి గానీ, అవి లైసెన్సులో కాకుండా బిల్లులో ఉన్నాయి. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ బీమా (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ వరకు ఉన్న బండికి ఏడాదికి 714 రూపాయలు, 350 సీసీ వరకు 1,366 రూపాయలు, ఆపైన 2,804 రూపాయలు. ఇది చూసి ‘ఇంతేనా’ అనుకుంటావేమో. 2018 సెప్టెంబరు నుంచి, సుప్రీంకోర్టు ఆదేశం మేరకు, కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. ఆ లెక్కన 350 సీసీ లోపు బండికి 7,365 రూపాయలు, దాటితే 15,117 రూపాయలు. దీని మీద 18 శాతం జీఎస్టీ అదనం. మీ దగ్గర వయసు, ఉండే వీధి, చేసే ఉద్యోగం అన్నీ చూసి ప్రీమియం వేస్తారని రాశావు కదా. ఇక్కడ ఈ థర్డ్ పార్టీ భాగం వరకు, ఇరవై ఏళ్ల కుర్రవాడికైనా అరవై ఏళ్ల పెద్దమనిషికైనా రేటు ఒక్కటే. బండి మీద కూర్చునే మనిషితో దానికి పని లేదు, ఇంజను ఎన్ని సీసీలో తెలిస్తే చాలు.

అదే 350 గీత మీద 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ కూడా వచ్చి కూర్చుంది. అంతకుముందు 28 శాతం ఉన్న పన్ను 350 సీసీ వరకు 18 శాతానికి దిగింది. ఆపైన సెస్సుతో కలిపి 31 శాతం ఉన్నది కాస్తా 40 శాతం అయింది. పన్నుకు ముందు ధర ప్రతి లక్ష మీద 18 వేలు ఎక్కడ, 40 వేలు ఎక్కడ! రాష్ట్రం వేసే జీవితకాల పన్ను కూడా ధర మీద శాతమే కాబట్టి, ధర పెరిగితే అదీ పెరుగుతుంది. ఇందులో అన్యాయమైపోయినవాళ్లు 650 కొనేవాళ్లు కాదు, 400 కొనేవాళ్లు. నేను చూసిన ట్రయంఫ్ స్పీడ్ 400 ఇంజను 398 సీసీ. కేవలం 48 సీసీల తేడాతో అది లీటరు (1000 సీసీ) బండ్ల పంక్తిలో కూర్చుని వాటితో సమానంగా థర్డ్ పార్టీ ప్రీమియం కడుతోంది. నేను మొదట మనసు పడ్డది దాని మీదే. గీత ఎలాగూ దాటుతున్నప్పుడు ఏకంగా రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల 650 సీసీ ఇంటర్‌సెప్టర్‌కే వెళ్తే పోలేదా అని నీలాగే నేనూ కొన్నాళ్లు ఊగిసలాడాను. చిత్రమేమిటంటే, ఆ ఇంటర్‌సెప్టర్ శక్తి దాదాపు 47 హార్స్‌పవర్, అంటే దాదాపు 35 కిలోవాట్లు, సరిగ్గా మీ ఏ2 హద్దు. మన చెన్నై బండి మీ చట్టానికి కొలత తీసి కుట్టించినట్టు ఉంది, మన చట్టానికేమో ఆ కొలతే పట్టదు.

డబ్బు సంగతి అంతే. అదొక్కటే అయితే బోనస్ వచ్చేదాకా ఆగి 650 తీసుకునేవాణ్ణేమో. బరువు సంగతి వేరు. మా అపార్టుమెంటు సెల్లారు నీకు తెలుసు కదా, ర్యాంపు ఎక్కగానే గేటు, గేటు దాటగానే రోడ్డు. మధ్యలో బండి నిలువుగా పట్టేంత చోటు కూడా లేదు. రాత్రి ఆలస్యంగా వస్తే పైఅంతస్తు వాళ్ల కారు వెనక నా బండి ఇరుక్కుపోతుంది. పొద్దున్నే దాన్ని వెనక్కి లాగి, స్తంభం పక్క నుంచి తిప్పి బయటికి తేవాలి. ఇన్నాళ్లూ నడిపిన 150 సీసీ బండిని ఒంటిచేత్తో లాగేవాణ్ణి. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. పక్క ఫ్లాటు అబ్బాయి కొన్నాడని, అడిగి తీసుకుని సెల్లారులో తిప్పి చూశాను. వాలు మీద వెనక్కి నెట్టేటప్పుడు హ్యాండిల్ కాస్త పక్కకు తిరిగిందంటే చాలు, బరువంతా ఎడమ తొడ మీద వాలుతుంది; ముందు బ్రేకు వదిలితే బండే మనల్ని లాక్కుపోతుంది. ఇంటర్‌సెప్టర్ దీనికన్నా ఇరవై కిలోలకు పైగా బరువు ఎక్కువ. ఏ పరీక్షలోనూ ఇది అడగరు.

నడిపేది ఎక్కడో కూడా చూడాలి కదా. నా రోజువారీ దారి టోలిచౌకి మీదుగా గచ్చిబౌలి. మూడో గేరు దాటి నాలుగో గేరు వేస్తే ఆ రోజు అదృష్టం బాగున్నట్టు లెక్క. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు, ఎంత ఖరీదైన బండికైనా పక్కనున్న సర్వీసు రోడ్డే గతి. ఇక మిగిలింది ఆదివారాల అనంతగిరి, ఎప్పుడైనా శ్రీశైలం. ఆ అడవి దారిలో నాకు కావలసింది తక్కువ వేగంలో గట్టిగా లాగే ఇంజను. క్లాసిక్‌లో 27 న్యూటన్ మీటర్ల టార్కు నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది, నాకు అది చాలు.

షోరూము ముచ్చట కూడా చెప్పాలి, ఎందుకంటే ఎప్పుడైనా ఇక్కడ బండి కొంటే నీకు పనికొస్తుంది. ఏ షోరూమో అడగకు. ఎగ్జిక్యూటివ్ కుర్రవాడు ఆన్‌రోడ్ ధర కాగితం నా ముందు పెట్టాడు. అందులో బీమా ఒకే అంకెగా ఉంది. విడగొట్టి చూపించమని అడిగితే, యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కలిపేసి ఉంది, నా ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) ఊసే లేదు. ఆ ప్రమాద బీమా తప్పనిసరే గానీ, అంతకు తగ్గని పాలసీ మనకు ఇదివరకే ఉంటే మళ్లీ కొనక్కర్లేదు. క్లెయిము లేని ఏళ్లకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మనిషిది. ఐదేళ్లు క్లెయిము లేకపోతే, ప్రీమియంలో సొంత నష్టం (మన బండికే జరిగే నష్టం) భాగంలో 50 శాతం తగ్గుతుంది. పాత బండి అమ్మేటప్పుడు బీమా కంపెనీ నుంచి ఆ బోనస్ మన పేరే ఉందని చూపే రిటెన్షన్ లెటర్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొత్త బండికి వాడుకోవచ్చు. నా లెటరు తీసి బల్ల మీద పెట్టాక ఆ కుర్రవాడు లోపలికి వెళ్లి మేనేజరుతో మాట్లాడి, కొత్త కాగితంతో వచ్చాడు. హ్యాండ్లింగ్ ఛార్జీలు అనే వరుస కూడా ఎవరూ అడగకుండానే మాయమైంది. బీమా వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న నిర్బంధం లేదని నెమ్మదిగా అన్నాను, అంతే.

ఈ హడావుడిలో బయటపడ్డ సంగతి ఇంకొకటి ఉంది. మీ చెల్లెలి లైసెన్సు మీద గేరు లేని బండి అని మాత్రమే ఉంది. స్కూటీకి అది సరిపోయింది గానీ, శ్రీశైలం దారిలో కాసేపు తానూ నడుపుతానని ఇప్పటి నుంచే బేరం పెట్టింది. సరైన తరగతి లైసెన్సు లేకుండా నడిపి బండిని పడేస్తే సొంత నష్టం క్లెయిమును కంపెనీ తోసిపుచ్చవచ్చు. ఎదుటివాడికి దెబ్బ తగిలితే పరిహారం కంపెనీ చేత ముందు ఇప్పించి, తర్వాత మన దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ చెప్పవచ్చు. అందుకని గేరు బండికి ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) కోసం స్లాటు బుక్ చేశాం. అది వచ్చాక నెల రోజులు ఆగితే గాని పరీక్షకు అర్హత ఉండదు, ఆరు నెలల్లోపు పాసవ్వాలి. కాబట్టి మా ఇంట్లో ప్రస్తుతం ‘ఎల్’ బోర్డు తగిలించుకోబోయేది తనే. నిన్ను చూసి నవ్విన నవ్వుకు వడ్డీతో సహా చెల్లించుకుంటుందిలే.

నీ సంగతికి వస్తే, సంక్రాంతికి వచ్చినప్పుడు నా బండి నడుపుతానని రాశావు. తప్పకుండా నడుపు, కానీ ముందు నీ పాత హైదరాబాదు కార్డు తీసి దాని మీద గడువు చూడు. గడువు తీరి ఏడాది దాటకపోతే మామూలుగా రెన్యువల్ చేయించుకోవచ్చు. దాటిందంటే మళ్లీ పరీక్ష పెడతారు. కార్డుకు రెండువైపులా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. పండగ రద్దీకి స్లాట్లు అయిపోకముందే ఇక్కడ ఏం చేయాలో కనుక్కుని చెప్తాను.

నీ
మిత్రుడు