ఉరుసు తేదీలు కూడా వేయండి

సంపాదకుల వారికి,

మీ జిల్లా పేజీలో ఏటా తీర్థాలు, జాతరల తేదీలు వేస్తున్నారు. దర్గాల ఉరుసులు మాత్రం కనిపించవు. మన కోనసీమలో ప్రభల తీర్థం ఎప్పుడో ఎవర్నీ అడగక్కర్లేదు. ఉరుసు అలా కాదు. హిజ్రీ లెక్కలో అధికమాసం ఉండదు, ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. ఒకప్పుడు గోదావరి వరదల్లో పడిన ఉరుసు కొన్నేళ్లకు దాళ్వా కోతల్లో వస్తుంది. ఉరుసు అనే మాటకు అరబ్బీలో పెళ్లి అని అర్థం. వలీ, అంటే దర్గాలో సమాధి అయిన మహాత్ముడు, కన్నుమూసిన రోజే ఆయన దేవుణ్ణి చేరిన పండుగ.

మా మామ్మ ఓ దర్గాకి మొక్కుకుంటే పుట్టాడని మా నాన్నకు మస్తాన్‌రావు అని పేరు పెట్టారు. ఈసారి పాపని తీసుకుని ఆ దర్గా ఉరుసులో గంధానికని బయల్దేరితే, మేం చేరేసరికి కాలవగట్టున పందిరి విప్పేస్తున్నారు. ముందురోజే అయిపోయిందట! సమాధి మీద మల్లెల చాదర్ అప్పటికే వడిలిపోయింది. అయినా దర్గా చూసుకునే ముజావర్ గారు మళ్లీ సాంబ్రాణి వేసి, ఫాతెహా చదివి, నెమలీకల కట్ట పాప తలకు ఆనించారు.

దయచేసి ముజావర్లను అడిగి, గంధం రాత్రితో సహా తేదీలు వారం ముందే ప్రచురించండి.

ఒక పాఠకురాలు, అమలాపురం